దివిసీమ వాళ్ళంతా ముసలాయనలో

పోయిన వారం మా స్కూలు ఆఫీసులో కొత్త కంప్యూటరు పెట్టారు. గుడివాడలో ఒక ప్రైవేటు స్కూల్లో నాది గుమస్తా పని. పొద్దున్నే ఆన్ చేసి ఇంటర్నెట్ తెరవగానే తెర మధ్యలో ఒక ప్రశ్న ప్రత్యక్షమైంది. ఇంతకు ముందు మీరు వాడిన బ్రౌజర్‌లో దాచుకున్న పేజీలూ పాస్‌వర్డ్‌లూ అన్నీ ఇక్కడికి తెచ్చుకుంటారా అని. కింద రెండు గళ్ళు. ఒకటి అవును, ఒకటి వద్దు.

నేను మౌసు మీద నుంచి చెయ్యి తీసేశాను.

అటుగా వెళ్తున్న సోషల్ మేడమ్ ఆగి, "ఏంటమ్మాయ్, పెళ్ళిచూపులా? అట్లా చూసుకుంటున్నారు ఒకళ్ళనొకళ్ళు," అంది. నేను నవ్వి ఊరుకున్నాను. నేను ఎక్కువగా చేసే పని అదే.

బాబాయ్ గారు పోయి అప్పటికి నెల అయింది. ఆ ప్రశ్న ఎప్పుడు ఎదురైనా ఆయన తెరకేసి చూస్తూ, గుమ్మంలో నిలబడిన మనిషితో మాట్లాడినట్టు పైకే జవాబు చెప్పేవారు. "వద్దండీ. ఎవరి సామాను వాళ్ళింట్లోనే ఉండనివ్వండి." చెప్పి, మౌసుని బల్ల మీద రెండుసార్లు తట్టి, 'వద్దు' నొక్కేవారు. తట్టడం ఎందుకో ఆయనకీ తెలియదు. తట్టకపోతే సరిగ్గా నొక్కుకోదని నమ్మకం.

ఆయన నాకు బంధువు కాదు. బందరులో మా హాస్టలు సందు చివర నెట్ సెంటరు ఆయనది. అందరూ బాబాయ్ అనేవారు, నేనూ అన్నాను. నాలుగు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, సందులోకి ఒక కిటికీ. ఆయన పుట్టింది గిలకలదిండి రేవులో, సముద్రం మీద వేటకి వెళ్ళే కుటుంబంలో. వాళ్ళ నాన్న, అన్నలు అందరూ బోట్ల మీదే బతికారు. ఈయనకి మాత్రం బోటు రేవు దాటితే వాంతులు. "మా నాన్న మూడేళ్ళు చూశాడమ్మా, సముద్రం నన్నొద్దంటోందని ఆయనకే అర్థమైపోయింది," అనేవారు. అందుకే పొడి నేల మీద చేసే పని వెతుక్కున్నారు.

డిగ్రీ చదివేటప్పుడు సాయంత్రాలు అక్కడికి వెళ్ళేదాన్ని. దివిసీమలో నాగాయలంక దగ్గర మా ఊళ్ళో నాన్న టీచరు, చర్చిలో సంఘ పెద్ద. ఇంట్లో బైబిలు, పాటల పుస్తకం, ఆయన టీచింగ్ పుస్తకాలు తప్ప ఇంకేం ఉండేవి కావు. పాత తెలుగు పుస్తకాలు స్కాన్ చేసి ఎవరెవరో ఇంటర్నెట్‌లో పెడతారని తెలిశాక నాకు ఇంకో లోకం దొరికినట్టయింది. మూలనున్న నాలుగో కంప్యూటరు ముందు కూర్చుని, ఎవరితోనూ మాట్లాడే పని లేకుండా చదువుకునేదాన్ని. ఆయన నన్నేమీ అడిగేవారు కాదు. ఒకసారి మాత్రం వెనక నుంచి చూసి, "అన్నీ పేజీలేనా? బొమ్మల్లేవా?" అన్నారు. లేవన్నాను. "పాపం," అన్నారు. పుస్తకాన్ని అన్నారో నన్నన్నారో తెలియలేదు.

మొదటిసారి వెళ్ళినప్పుడు ఆయన అడిగిన ప్రశ్న ఇంకా గుర్తుంది.

"మీదెక్కడమ్మా?"

"నాగాయలంక దగ్గరండి."

"అయితే ముసలాయన," అని నీలం అక్షరం ఉన్న బొమ్మ మీద నొక్కారు.

నాకు అర్థమయ్యేసరికి వారం పట్టింది. ఆయన కంప్యూటర్లలో నాలుగు బ్రౌజర్లుండేవి. వాటి అసలు పేర్లు ఆయన నోట ఎప్పుడూ వినలేదు. నీలం అక్షరం ముసలాయన, ఎందుకంటే అన్నిటికన్నా ముందు వచ్చిందీ అన్నిటికన్నా నెమ్మదైనదీ అదే. నారింజ రంగు తోకతో చుట్టుకున్నది నక్క. మూడు రంగుల గుండ్రం రంగులరాట్నం. ఎర్ర సున్నా ఎర్రగాజు. ఒక్కోటీ దానిలో టైపు చేసినవి గుర్తుపెట్టుకుంటుందని ఆయన చాలా ఏళ్ళ క్రితమే కనిపెట్టారు. అప్పటి నుంచి ఊళ్ళు పంచేశారు. గిలకలదిండి వాళ్ళు నక్కలో. బందరు టౌను వాళ్ళు రంగులరాట్నంలో. గుడివాడ వైపు వాళ్ళు ఎర్రగాజులో. దివిసీమ నుంచి వచ్చేవాళ్ళకి ఎక్కువగా సర్కారు ఆఫీసు పనులుంటాయి, ఆ వెబ్‌సైట్లు ముసలాయనలో తప్ప సరిగ్గా తెరుచుకునేవి కావు. అందుకని దివిసీమ వాళ్ళంతా ముసలాయనలో.

"ఆయన నడవలేడు గానీ, ఆఫీసుల్లో ఆయన మాటే చెల్లుద్ది," అనేవారు.

వచ్చేవాళ్ళకీ ఇది అలవాటైపోయింది. గుమ్మంలో చెప్పులు విప్పుతూనే "నాది నక్కండి" అనేవాళ్ళు. ఒకరోజు రేవులో చేపలమ్మే ఒకావిడ గంప బయట దించి లోపలికొచ్చింది.

"ఏవయ్యా, నా రేషన్ కార్డు నక్కలో పెట్టావంట, తియ్యి."

"తీస్తన్నా, కూర్చో."

"చూసి చూసి మాకు నక్కే దొరికిందా నీకు? చేపలమ్ముకునేవాళ్ళ సొమ్ము తీసుకెళ్ళి దాని నోట్లో పెట్టావు!"

"ఇది తినదే. వాసన చూసి ఇచ్చేద్ది."

సెంటరంతా నవ్వింది. నేను మూలన కూర్చుని తెర చాటున నవ్వుకున్నాను, సాయంత్రం డైరీలో రాసుకున్నాను. చిన్నప్పటి నుంచీ నాకు ఆ అలవాటు ఉంది. నేను పైకి అనలేనివీ, ఇతరులు పైకి అన్నవీ అందులో ఉంటాయి.

ఆ నాలుగు బ్రౌజర్ల పోటీ అంటే ఆయనకి మహా సరదా. పరీక్షా ఫలితాల రోజున నాలుగు కంప్యూటర్లలో నాలుగూ తెరిచి, ఒకే నంబరు కొట్టి, "కానివ్వండి!" అనేవారు. నాలుగు కుర్చీల్లో నలుగురు ఒకేసారి నొక్కేవారు. పిల్లలు తమ మార్కుల సంగతి మర్చిపోయి "నక్క! నక్క!" అనీ "రాట్నం! రాట్నం!" అనీ అరిచేవారు. ముసలాయన ఎప్పుడూ ఆఖరే. ఆయన వచ్చేదాకా మాత్రం బాబాయ్ గారు ఎవరినీ కుర్చీలోంచి లేవనిచ్చేవారు కాదు. "పెద్దాయన్ని రానివ్వండి, అప్పుడు లేద్దురుగాని."

ఒకసారి ధైర్యం చేసి అడిగాను, చూపించేది ఒకటే అయినప్పుడు ఇన్ని ఎందుకు బాబాయ్ గారూ అని.

"విజయవాడకి తిన్నగానూ వెళ్ళొచ్చు, గుడివాడ మీంచీ వెళ్ళొచ్చు. ఊరొకటేగా? స్టాండులో ఒక్కో బస్సువాడు మా బస్సెక్కండి, మా బస్సెక్కండి అని గొంతు చించుకుంటాడు. అరవనీ. వాళ్ళరిస్తేనే మనకి మంచిది. ఒక్కడే ఉన్నాడనుకో, సీటు కూడా తుడవడు." మళ్ళీ అన్నారు. "ఒకే కిటికీలో పది పేజీలు తెరుచుకోవటం ముందు ఒకడు పెట్టాడు. వెంటనే మిగతావాళ్ళూ పెట్టారు. పాస్‌వర్డ్ గుర్తుంచుకోవటం ఒకడు పెట్టాడు, అందరూ పెట్టారు. పోటీ లేకపోతే ఈ సుఖాలేవీ మనకి రావు."

నన్ను ముంచింది ఆ ఆఖరి సుఖమే.

పాస్‌వర్డ్‌ల విషయంలో ఆయనకొక మర్యాద ఉండేది. ఎవరైనా టైపు చేస్తుంటే తల పూర్తిగా తిప్పేసి గోడమీద క్యాలెండరు చూసేవారు. తెర మీద చుక్కలే కనపడతాయని చెప్పినా వినేవారు కాదు. కానీ చాలామందికి పాస్‌వర్డ్ పెట్టేది ఆయనే. పెట్టేటప్పుడు మాత్రం ఒక్కో అక్షరమూ సెంటరంతా వినపడేలా పైకి చదువుతూ కొట్టేవారు. ఈ రెండూ పొసగవని ఆయనకి ఎప్పుడూ తోచలేదు. ఏం పెట్టాలో కూడా ఆలోచించేవారు కాదు. ఆ క్షణాన కంటికి ఏది కనిపిస్తే అది. గొడుగుతో వచ్చినాయనకి గొడుగు. పిల్లాడు జామకాయ తింటుంటే జామకాయ. "ఎందుకు బాబాయ్, నీకు గుర్తుంటుందా?" అని ఎవరైనా అంటే, "నాకెందుకు గుర్తు? నక్కకి గుర్తుంటే చాలదూ?" అనేవారు. ఒక్కటీ ఎక్కడా రాసిపెట్టలేదు.

డిగ్రీ అయ్యాక నేను పీజీ ప్రవేశపరీక్ష రాశాను. నాకు కావలసింది లైబ్రరీ సైన్స్. విశాఖపట్నంలో సీట్లు కొన్నే ఉన్నాయి. పుస్తకాల మధ్య కూర్చున్నందుకు జీతమిచ్చే ఉద్యోగం ఒకటుందని తెలిసిన రోజు నుంచీ నాకు ఇంకేదీ వద్దనిపించింది. అక్కడ మాట్లాడకుండా ఉండడం తప్పు కాదు, అదే పద్ధతి. ఈ సంగతి నాన్నకి కూడా ఇంత వివరంగా చెప్పలేదు. బాబాయ్ గారికి మాత్రం అప్లికేషన్ పెట్టేటప్పుడు చెప్పాల్సొచ్చింది. ఆయన ఒక నిమిషం నాకేసి చూసి, "నీకది సరిగ్గా సరిపోద్దమ్మా," అన్నారు. ఆ ఒక్క మాటా నాకు చాలా రోజులు తోడొచ్చింది.

నాకు మెయిలు కూడా లేదు. మెయిలు తెరిచింది ఆయనే, అప్లికేషన్‌కి పాస్‌వర్డ్ పెట్టింది ఆయనే, ఫోను నంబరు అడిగిన చోట సెంటరు నంబరు ఇచ్చిందీ ఆయనే. అన్నీ ముసలాయన గుర్తుపెట్టుకున్నాడు.

ర్యాంకు మంచిదే వచ్చింది. ఇక ఏ కాలేజీ, ఏ కోర్సు కావాలో వరుసగా ఎంచుకోవాలి, వెబ్ ఆప్షన్లంటారు దాన్ని. మూడు రోజులిచ్చారు. మొదటి రోజు వెబ్‌సైటు ఎక్కడా తెరుచుకోవట్లేదని తెలిసి నేను బయల్దేరలేదు. రెండో రోజు ఆదివారం, నేను ఊళ్ళో చర్చిలో ఉన్నాను. మూడో రోజు సాయంత్రం ఐదింటితో గడువు అయిపోతుంది. పొద్దున్నే బస్సెక్కి పదకొండింటికి బందరులో దిగాను.

"రామ్మా, రా. ఇవ్వాళేగా? నీదెందులో ఉంది?" అన్నారు ఆయన ఉత్సాహంగా.

"ముసలాయనలోనండి."

ఆయన చెయ్యి మౌసు మీద ఆగింది. తట్టలేదు.

"ముసలాయన లేడమ్మా," అన్నారు.

జరిగిందిది. ఆ బ్రౌజర్ని తయారుచేసిన కంపెనీయే దాన్ని ఆపేసి, దాని బదులు కెరటం బొమ్మ ఉన్న కొత్తది తెచ్చింది. వారం క్రితం ముసలాయన మీద నొక్కితే కెరటం తెరుచుకుంది. తెరుచుకుని, పాతవన్నీ ఇక్కడికి తెచ్చుకుంటారా అని అడిగింది. బాబాయ్ గారు ఇది ఇంకో పోటీదారు, ముసలాయన సొత్తు కాజేయడానికి వచ్చిందనుకున్నారు. "వద్దండీ" అన్నారు. ఆ తర్వాత అందరి పాస్‌వర్డ్‌లూ ఉన్న, ఆయన కూర్చునే కంప్యూటరు మొండికేసింది. ముందురోజే మెకానిక్కు వచ్చి అంతా తుడిచి కొత్తగా ఎక్కించి వెళ్ళాడు.

"దాచాల్సినవి ఏమైనా ఉన్నాయా అని అడిగాడమ్మా. ఫోటోలు దాచమన్నాను, కాయితాలు దాచమన్నాను. పాస్‌వర్డ్‌లు ముసలాయన దగ్గరున్నాయి కదా, ఆయనెక్కడికి పోతాడులే అనుకున్నాను." ఆయన కంప్యూటరు డబ్బా మీద చెయ్యి వేశారు. "ఆయన పైనెక్కడో కంపెనీలో ఉంటాడనుకున్నానమ్మా. ఇదిగో, ఈ డబ్బాలోనే ఉంటాడని నాకు తెలీదు."

పాస్‌వర్డ్ మర్చిపోయారా అన్న చోట నొక్కాం. మెయిలుకి పంపామంది. మెయిలు తెరవాలంటే దాని పాస్‌వర్డూ ముసలాయన దగ్గరే ఉండేది. అక్కడా మర్చిపోయామన్నాం. ఫోనుకి నంబరు పంపామంది. రీఛార్జి చేయక ఆ సెంటరు నంబరు పోయి రెండు నెలలైంది. హెల్ప్‌లైన్‌కి ఫోను చేస్తే ఎత్తిన నాథుడు లేడు.

ఇక మిగిలింది ఊహించడమే. మూడుసార్లు తప్పు కొడితే అరగంట తాళం పడుతుంది. అరగంటయ్యాక మళ్ళీ మూడు. ఆ రోజు సెంటరుకి వచ్చినవాళ్ళందరినీ ఆయన చేతులు జోడించి వెనక్కి పంపేశారు.

"అప్లికేషన్ పెట్టిన రోజు వాన పడిందా అమ్మా?"

"లేదండి."

"నీ చేతిలో ఏముంది?"

"సర్టిఫికెట్ల కవరండి."

"ఏం రంగు?"

"పసుపండి."

పసుపు కొట్టారు. కాదంది. కవరు కొట్టారు. కాదంది. ఫ్యాను కొట్టారు. తాళం పడింది.

ఆ అరగంటలో ఇంటికి ఫోను చేశారు. స్పీకర్లో పిన్ని గొంతు వినిపించింది.

"ఇదిగో, ఈ దివిసీమ టీచరు గారమ్మాయి అప్లికేషన్ పెట్టిన రోజు నువ్వు క్యారేజీ తెచ్చావా?"

"ఏ రోజు?"

"వేసవిలోనే."

"రోజూ తెస్తాగదయ్యా."

"ఆ రోజు కూరేంటి?"

"నిన్న నువ్వు తిన్న కూరేంటో చెప్పు ముందు."

ఆయన ఆలోచించారు. "గుర్తులేదు."

"మరి నన్నడుగుతావేం!"

ఇంకో రోజైతే నేను నవ్వేదాన్ని. ఆయన ఫోను బల్ల మీద పెట్టి గది చుట్టూ చూశారు, ఆ రోజు ఎక్కడైనా ఓ మూల మిగిలి ఉంటుందేమో అన్నట్టు. గడియారం కొట్టారు, క్యాలెండరు కొట్టారు, కుర్చీ, చెప్పులు, నా జడలో పువ్వులేమైనా ఉన్నాయా అని అడిగి మల్లెలు కొట్టారు. ప్రతిదానికీ మొదటి అక్షరం పెద్దదా చిన్నదా, చివర గుర్తేమిటి అన్న సందేహం ఉండేది. నాకేమైనా గుర్తుందా అని పదిసార్లు అడిగారు. ఆ రోజు నేను ఆనందంలో ఉన్నాను. ఆయన గొంతు విన్నాను గానీ అక్షరాలు వినలేదు. నాకు నిజంగానే గుర్తురాలేదు.

నాలుగింటికి హెల్ప్‌లైన్ ఎత్తారు. ఒరిజినల్స్ పట్టుకుని ఐదులోపు విజయవాడ సెంటరుకి రమ్మన్నారు. "బందరు నుంచి గంటలో ఎట్లా వస్తామండీ? పిల్లకి ర్యాంకొచ్చిందండీ, మీరే కొంచెం..." అంటుంటే పెట్టేశారు. ఆయన ఆ ఫోనుకి దణ్ణం పెట్టి పక్కన పెట్టారు.

ఐదింటికి పేజీ మారిపోయింది. గడువు ముగిసింది అని ఒకే వాక్యం వచ్చింది.

"పర్లేదండి," అన్నాను నేను.

"పర్లేదనకమ్మా. తిట్టు. మీ నాన్న గారిని తీసుకొచ్చి తిట్టించు. పర్లేదంటే నేనెట్లా ఇంటికెళ్ళేది?"

నేను నవ్వాను. ఏడుపొచ్చే ముందు నాకు నవ్వు వస్తుంది. ఆయనకి ఆ సంగతి తెలియదు. నా నవ్వు చూసి ముఖం ఇంకో వైపు తిప్పేసుకున్నారు.

హాస్టల్లో నా స్నేహితురాలి గదికి వెళ్ళి, అక్కడ వదిలిన పెట్టెలోంచి డైరీ తీశాను. ఆ రోజు సంగతి రాద్దామని తెరిచి, వెనక్కి వెనక్కి పేజీలు తిప్పుకుంటూ పోయాను. వేసవిలో ఒక పేజీ దగ్గర ఆగాను. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"అప్లికేషన్ పెట్టాను. కిటికీ మీద గోరింక వాలితే బాబాయ్ గారు దాని పేరే పాస్‌వర్డ్ పెట్టారు. జి పెద్దది, మిగతావి చిన్నవి. దానికి రెండు కాళ్ళు కాబట్టి రెండు అంకె. చివర హ్యాష్. ఆయన పైకి చదువుతుంటే గోరింక మెడ వంచి తెరకేసి చూసింది. ఇప్పుడు దానికీ తెలుసు."

హాస్టలు నుంచి సెంటరుకి అయిదు నిమిషాల నడక. పొద్దున ఒక్కసారి అటు వెళ్ళి డైరీ తెరిచి ఉంటే, లేదా మధ్యాహ్నం తాళం పడిన ఏ అరగంటలోనైనా వెళ్ళి వచ్చి ఉంటే. నేను కుర్చీలోంచి కదల్లేదు. డైరీలో చూద్దామని నాకు తట్టలేదు. నా ఆనందం రాసుకున్నానని గుర్తుంది గానీ ఆయన అక్షరాలు కూడా రాసుకున్నానని గుర్తులేదు.

ఆ మాట ఆయనకి చెప్పలేదు. మర్నాడు ఊరు వెళ్ళిపోయాను.

మరుసటి ఏడు పరీక్ష రాయలేదు. నాన్న రిటైరయ్యారు, తమ్ముడు ఇంజనీరింగులో చేరాడు, గుడివాడలో ఈ ఉద్యోగం దొరికింది. ఇదేమీ పెద్ద కష్టం కాదు, అందరిళ్ళల్లో జరిగేదే. బందరు వెళ్ళినప్పుడు ఒకటి రెండుసార్లు ఆ సందులోంచి నడిచాను. సెంటరులో పద్ధతి మారిపోయింది. ఎవరికి పాస్‌వర్డ్ పెట్టినా ఆయన ఒక కాగితం ముందుకి తోసి, వాళ్ళ చేతే రాయించి, మళ్ళీ చదివించి, మడిచి జేబులో పెట్టుకునేదాకా వదిలేవారు కాదు. ఎందుకంత చాదస్తం అని ఎవరైనా విసుక్కుంటే నా కథ చెప్పేవారు. ఒకసారి గుమ్మం అవతల నిలబడి విన్నాను.

"నవ్వకండి. దివిసీమ పిల్ల ఒకతి ఉండేది. బంగారం. లైబ్రరీలో ఉద్యోగం చెయ్యాల్సిన పిల్ల. నా వల్ల పోయింది. ఒక్క మాట అన్లేదు నన్ను. రాయండి ముందు."

లోపలికి వెళ్ళి ఆ మాట కాదని చెప్పాల్సింది. నేను చెప్పులు కూడా విప్పకుండా వెనక్కి తిరిగాను.

జనం ఫోన్లలోనే అన్నీ చేసుకోవడం మొదలుపెట్టాక ఆయన దగ్గరికి రావడం తగ్గింది. నక్కలో ఎవరూ లేరు. ఎర్రగాజు తీసేశారు. ఇంకోసారి వెళ్ళినప్పుడు నన్ను చూసి లేచి నిలబడ్డారు. నాకన్నా పెద్దాయన నన్ను చూసి అలా లేవడం నేను భరించలేకపోయాను. కూర్చోమన్నాక ఏదో ఒకటి మాట్లాడాలని, "నక్క తప్ప ఇవన్నీ లోపల ఒకే ఇంజనంటమ్మా, మెకానిక్కు చెప్పాడు," అన్నారు. "పైన రంగులే వేరు. రేవులో బోట్లకీ అంతే. నేనేమో ఇన్నేళ్ళు పోటీ, పోటీ అని పందేలు పెట్టించాను." ఆ మాట నవ్వుతూ అనలేదు. ఆ రోజూ నేను చెప్పలేదు.

పోయిన సంవత్సరం ఆయనకి ఒంట్లో బాగుండటం లేదని, సెంటరు మూసేశారని తెలిసింది. గిలకలదిండిలో ఇంటి దగ్గరే ఉంటున్నారు. ఈసారి డైరీ పట్టుకుని వెళ్ళాను. బస్సులో నాలుగు రకాలుగా వాక్యం కూర్చుకున్నాను.

రేవు వెనక సందులో ఇల్లు. వరండాలో మంచం మీద కూర్చుని ఉన్నారు. కాళ్ళు వాచి ఉన్నాయి. పిన్ని అరుగు మీద వల బాగుచేస్తోంది. నన్ను చూసి లేవబోయారు.

"లేవకండి బాబాయ్ గారూ."

"లేవలేనులేమ్మా, ఊరికే," అన్నారు.

కూర్చుకున్న వాక్యాలు ఒక్కటీ రాలేదు. డైరీ తెరిచి ఆ పేజీ ఆయన చేతికిచ్చాను. "ఇది నా దగ్గరే ఉందండి. ఆ రోజు నేనే చూసుకోలేదు. తప్పు మీది కాదు," అన్నాను. ఒక్క గుక్కలో అనేశాను.

ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని, పేజీ దూరంగా పట్టుకుని చదివారు. రెండుసార్లు చదివారు. గోరింక మెడ వంచిన చోట పెదవి కదిలింది.

"ఎంత బాగా రాస్తావమ్మా నువ్వు," అన్నారు.

"తప్పు మీది కాదండి," అన్నాను మళ్ళీ.

ఆయన నాకేసి చూడలేదు. పేజీకేసే చూస్తూ, "ఎప్పుడు చూసుకున్నావిది?" అని అడిగారు.

"ఆ రోజు సాయంత్రమేనండి."

"అప్పట్నుంచీ నీ దగ్గరే పెట్టుకున్నావా?"

నేను తలూపాను. పిన్ని చేతిలో వల ఆగింది. రేవులో వేలం కేకలు వినపడుతున్నాయి.

"గోరింక నిజమే. ఇప్పుడు గుర్తొచ్చింది," అన్నారు చివరికి. "రెండంకె కూడా నిజమే. కానీ చివర ఇదేంటమ్మా, హ్యాషని రాశావు?"

"మీరు అదే అన్నారండి."

"హ్యాష్ ఎందుకంటాను? స్టారు. గోరింకకి స్టారే పెట్టాను, నాకు బాగా గుర్తు. నువ్వు తప్పు విన్నావు. ఇది పట్టుకొచ్చి కొట్టినా తెరుచుకునేది కాదు."

ఆ గడువు రోజున ఆరు గంటలపాటు ఆయన పక్కనే కూర్చున్నాను. గడియారం, కుర్చీ, చెప్పులు అన్నీ కొట్టారు. అది పక్షి అన్న సంగతే ఆయనకి తట్టలేదు. అలాంటి మనిషికి ఇన్నేళ్ళ తర్వాత చివరి గుర్తు జ్ఞాపకం వచ్చింది. నేను ఏదో అనబోయాను. ఆయన చెయ్యి చాపి, "పెన్నుందా?" అన్నారు.

ఇచ్చాను. నా డైరీలో ఎవరూ ఎప్పుడూ ఏమీ రాయలేదు. ఆయన పేజీని మోకాలి మీద పెట్టుకుని, 'హ్యాష్' అన్న మాట మీద అడ్డంగా ఒక గీత గీశారు. పైన జాగ్రత్తగా ఒక నక్షత్రం వేశారు. అక్షరాలన్నీ మీటల మీదే కొట్టిన మనిషి. పెన్ను పట్టుకోవడం ఆయనకి సరిగా అలవాటు లేదు. నక్షత్రం కాళ్ళు వంకర పోయాయి, ఒకటి పక్క వాక్యంలోకి వెళ్ళింది.

"ఇదీ కరెక్టు," అని డైరీ మూసి నా చేతిలో పెట్టారు.